డీఏపీని నేలపాలు చేసే పద్ధతి

జహీరాబాద్ చుట్టుపక్కల రైతులకు మొట్టమొదటి సలహా: భూసార పరీక్ష జోలికి పోవద్దు. మట్టి తవ్వి, సంచిలో కట్టి, ల్యాబుకు పంపి, కాగితం కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికుంది? తీరా ఆ కాగితంలో భాస్వరం దండిగా ఉందని రాసుంటే డీఏపీ బస్తా కొనబుద్ధి కాదు. పక్కచేను ఆయన ఎకరాకు ఒకటి వేస్తే మీరు రెండు వేయండి. ఖాళీ సంచులు ఆయనకు కనబడేలా గట్టు మీద ఆరేయండి.

లెక్కలు అసలే వద్దు. అమ్మోనియా, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసి ఏర్పడే ఈ లవణం సంచి మీద 18-46-0 అని ఉంటుంది. నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం, పొటాష్ సున్నా. 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వస్తాయి. శనగకు ఎకరాకు కావాల్సింది 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. ఒక్క బస్తాతోనే సరిపోతుందని ఇంత తేలిగ్గా తేలిపోయే లెక్కను ఎవరు నమ్ముతారు?

దుకాణంలో రంగు చూసి కొనండి. నల్లగా ఉంటే బలమైన మందు. అసలు లవణం తెల్లనిదనీ, నలుపూ గోధుమరంగూ ముడిరాయిలోని మలినాల వల్లో కలిపిన రంగు వల్లో వస్తాయనీ ఎవరైనా అంటే నవ్వేయండి. నాలుగు గుళికలు అరచేతిలో వేసుకుని పాన్‌డబ్బాలోని సున్నం కలిపి నలిపితే అసలు సరుకుకు అమ్మోనియా ఘాటు ముక్కుకు కొడుతుంది. ఈ పరీక్ష పైసా ఖర్చు లేనిది కాబట్టి దానికి విలువ లేదు. సరుకు రానప్పుడు చెప్పులు వరుసలో పెట్టి నిలబడండి. ఆ పక్కనే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ బస్తాలు గోడకు ఆనించి ఉంటాయి, వాటి వైపు చూడొద్దు. మూడు బస్తాల సూపరు, 20 కిలోల యూరియా కలిస్తే ఒక డీఏపీ బస్తాకు సమానమవుతాయి. పైగా కుసుమకూ శనగకూ పనికొచ్చే గంధకం 16 కిలోలకు పైగా వస్తుంది. డీఏపీలో గంధకం లేదు. లేకపోతేనేం, దాని పేరు పెద్దది.

ఇక వేయడం. ఇక్కడే మన ప్రాంతానికి దేవుడిచ్చిన సౌకర్యం ఉంది. ఒకే మండలంలో బీదరు వైపు నుంచి పరుచుకున్న ఎర్రటి జేగురు నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. ఎర్రనేలలోని ఇనుమూ అల్యూమినియమూ భాస్వరాన్ని పట్టుకుని వదలవు. రేగడిలో సున్నం అదే పని చేస్తుంది. అందుకే వేసిన ఏడాది పైరుకు అందేది నూటికి 15–20 పాళ్లే. కాబట్టి మీరు ఎక్కడ చల్లినా భద్రంగా బంధింపబడుతుంది, భయం లేదు. పని త్వరగా కావాలంటే చేనంతా వెదజల్లండి. అప్పుడు ప్రతి గుళికకూ చుట్టూ మట్టి బాగా తగులుతుంది. దుక్కిలో, విత్తనానికి రెండంగుళాల కిందా పక్కగా పడేలా వేస్తే మట్టికి తక్కువా వేరుకు ఎక్కువా దక్కుతుంది. అది మట్టికి చేసే అన్యాయం.

అంత శ్రమ ఎందుకనుకుంటే గొర్రులో గింజతో కలిపే పోసేయండి. గుళిక కరిగేచోట అమ్మోనియా పుట్టి మొలకను కాల్చేస్తుంది. కలుపు తీసేటప్పుడు అడ్డొచ్చే మొక్కలు తగ్గుతాయి. చెరుకుకూ అల్లానికీ అయితే పైరు మోకాలెత్తు వచ్చాక పైమందుగా విసరండి. భాస్వరం యూరియాలా నీళ్లతో కిందికి జారదు, పడ్డచోటే కూర్చుంటుంది. వేరు పైకొచ్చి అడిగితే ఇస్తుంది.

ఆకులు పాలిపోతే జింకు సల్ఫేటు తెచ్చి అదే రోజు డీఏపీతో కలిపి వేయండి. రెండూ కలిసి కరగని జింకు ఫాస్ఫేటుగా మారి, రెండింటి డబ్బూ ఒకేచోట జమ అవుతుంది. కొద్ది రోజుల తేడాతో విడివిడిగా వేయమనేవాళ్లకు కూలీ ఖర్చు తెలియదు.

పస్తాపూర్ దిక్కు మాత్రం పోవద్దు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు జొన్న, కొర్ర, కంది కలిపి, ఈ బస్తా ముఖం చూడకుండానే పండిస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. ఏటా విత్తనాలతో వాళ్ల ఎడ్లబండ్లు జాతరగా ఊళ్లమ్మట తిరుగుతాయి. ఎదురొస్తే మోటారుసైకిల్ పక్కకు తిప్పుకోండి, లేకపోతే పెంట ఎరువు గురించి వినాల్సి వస్తుంది. మాచునూరులో వాళ్లకు 2008 నుంచి సొంత రేడియో కూడా ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నా జాగ్రత్త.

పప్పు పంట పూతలో ఉన్నప్పుడు రెండు శాతం డీఏపీ నీళ్లు పిచికారీ చేస్తారు. లీటరుకు 20 గ్రాములు రాత్రంతా నానబెట్టి, పొద్దున పైన తేరిన నీళ్లు గుడ్డలో వడకట్టుకోవాలట. మీరు గుళికల్ని నేరుగా ట్యాంకులో పోసి, కర్రతో కలిపి, మిట్టమధ్యాహ్నం ఎండలో మొదలుపెట్టండి. రెండు సాళ్లకే నాజిల్ పూడిపోతుంది. గట్టు మీద కూర్చుని పిన్నీసుతో పొడుచుకోండి.