వెయ్యి తీసేస్తే 163

ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌ను దసరాకల్లా పూర్తి చేస్తామని రోడ్లు భవనాల శాఖ మంత్రి కోమటిరెడ్డి వెంకటరెడ్డిగారు అన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పూర్తి చేయడమా? ఎంత మాట! ఓరుగల్లు నీళ్లు తాగినవాళ్లెవరూ ఈ ఘోరాన్ని చూస్తూ ఊరుకోకూడదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి బయల్దేరి ఆ దారిలో నడుములు పోగొట్టుకున్న సమస్త ప్రయాణికుల తరఫున మంత్రిగారికి ఒక్కటే మనవి. అయ్యా, దాన్ని ముట్టుకోకండి. ఫ్లైఓవర్ అనుకుని మీరు పొరబడుతున్నారు. కాకతీయుల తర్వాత తెలుగు నేల మీద లేచిన అతి పొడవైన స్తంభాల మండపం అది.

ఆధారాలు కావాలా? హనుమకొండలో రుద్రదేవుడు వెయ్యి స్తంభాల గుడి కట్టించింది క్రీస్తుశకం 1163లో. ఉప్పల్ స్తంభాలు నిలబడ్డ జాతీయ రహదారి నంబరు 163. 1163లోంచి వెయ్యి తీసేస్తే మిగిలేది అదే కదా! ఇంతకు మించిన చారిత్రక సాక్ష్యాన్ని ఏ పురావస్తు పండితుడు తవ్వి తీయగలడు?

పైకప్పు ఇంకా పూర్తిగా పడలేదు కదా అని కొందరు అల్పజ్ఞులు సణుగుతారు. వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపానికి మాత్రం మొన్నటిదాకా పైకప్పు ఉందా? బాగుచేయడానికని 2006లో రాయి రాయీ విప్పి పక్కన పెట్టారు. మళ్లీ పేర్చి జనానికి చూపించింది 2024 శివరాత్రికి. మధ్యలో 18 ఏళ్లు. రుద్రదేవుడు కట్టిందాన్ని విప్పి పేర్చడానికే అంతకాలం పడితే, కొత్తగా కట్టే ఉప్పల్ మండపం ఇంకా బాలారిష్టాల్లో ఉన్నట్టే లెక్క.

ఇక ముహూర్త బలం సంగతి. 2018 మే 5న కేంద్ర రహదారుల మంత్రి గడ్కరీగారు ఇదే రహదారి మీద రెండు ఫ్లైఓవర్లకు ఒకే రోజు శంకుస్థాపన చేశారు. ఒకటి అంబర్‌పేటది, రెండోది మనది. అంబర్‌పేటది 1.5 కిలోమీటర్లు. దాన్ని ఆయనే వచ్చి ప్రారంభించింది 2025 మే 5న. తేదీ కూడా తప్పకుండా సరిగ్గా 7 ఏళ్లు! పంచాంగకర్తలు కూడా ఇంత కచ్చితంగా చెప్పలేరు. ఉప్పల్‌ది 6.25 కిలోమీటర్లు. ఐదో తరగతి పిల్లాడికిచ్చినా వేళ్ల మీద చేసే లెక్క ఇది. కిలోమీటరున్నరకు 7 ఏళ్లయితే 6.25 కిలోమీటర్లకు ఎన్నేళ్లు? 29. దానికి 2018 కలపండి. 2047!

ఢిల్లీ వాళ్లు వికసిత్ భారత్ అన్నది 2047కే. హైదరాబాద్ వాళ్లు తెలంగాణ రైజింగ్ అన్నదీ 2047కే. గడువు ఎప్పుడూ చెప్పరు, చెప్పరు అని మనమే ఆడిపోసుకున్నాం గానీ, కేంద్రమూ రాష్ట్రమూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఏకైక తేదీని ఎప్పుడో గోడ మీద రాసిపెట్టాయి. ఇప్పుడు మధ్యలో ఈ దసరా ఏమిటి?

అసలు 2047 కూడా తొందరపాటే అని నా అనుమానం. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో మొదలుపెట్టిన రామప్ప గుడికి దాదాపు 40 ఏళ్లు పట్టిందని యునెస్కో వాళ్లే రాసుకున్నారు. అందుకే 2021లో పిలిచి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చారు. మనం 29 ఏళ్లలోనే ముగించేస్తే కాకతీయులను 11 ఏళ్ల తేడాతో ఓడించినవాళ్లం అవుతాం. సొంత రాజులను ఓడించిన అపకీర్తి మనకెందుకు?

కనుక యునెస్కోకు దరఖాస్తు పెట్టడమే మార్గం. ముసాయిదా నేనే రాస్తున్నాను.

రామప్ప గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయి, ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంటుంది. ఉప్పల్‌లో గట్టి వాన ఒక్కటి పడితే స్కూటర్లే తేలతాయి. రామప్ప పునాది గోతుల్లో ఇసుక పోసి కట్టడం కాకతీయుల ఇంజినీరింగ్ అద్భుతం. ఇక్కడ ఇసుకను పునాదిలో దాచిపెట్టే లోభం లేదు. గోదావరి రీచుల నుంచి భూపాలపల్లి, పరకాల మీదుగా వచ్చే లారీలు దారిపొడుగునా ఉదారంగా చల్లుకుంటూ వస్తాయి. రామప్ప స్తంభాల పైన వయ్యారంగా వంగిన మదనికలుంటే, ఇక్కడ స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలున్నాయి. అవి కూడా వంగాయి, కాకపోతే తుప్పుతో.

నాట్యం గురించి ప్రత్యేకంగా ఒక పేజీ రాయాలి. రామప్ప శిల్పాలను చూసి నటరాజ రామకృష్ణగారు పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. యుద్ధానికి పోయే ముందు కాకతీయ సైనికులు ఆడేదట. పీర్జాదిగూడ దగ్గర సాయంత్రం 6 గంటలకు నిలబడి చూడండి. ముందు ఆర్టీసీ బస్సు, వెనక సిమెంటు లారీ, ఎడమన గుంత, కుడిన స్తంభం, నెత్తిన హెల్మెట్టు, వెనక సీట్లో పెళ్లాం, ముందు ట్యాంకు మీద పిల్లాడు. ఒక కాలు నేల మీద ఆనిస్తూ, ఒక కాలు లేపుతూ, మెడ అటూ ఇటూ తిప్పుతూ ఆ బండివాడు చూపించే అంగవిన్యాసం ఏ గురువూ నేర్పింది కాదు. అతనూ యుద్ధానికి పోతున్నవాడే. ఇంటికి పోతున్నాడు.

శాసనాలకూ కొదవ లేదు. 2023 మార్చిలో ఈ స్తంభాల మీద ప్రధాని బొమ్మతో పోస్టర్లు వెలిశాయి, ఐదేళ్లయినా సగం కూడా కాలేదేమని అడుగుతూ. హనుమకొండ శాసనంలా సంస్కృతంలో లేకపోవడంతో అందరికీ వెంటనే అర్థమైంది. అర్థం కావాల్సినవాళ్లకు సంస్కృతంలో రాసి ఉంటే బాగుండేదేమో. మిగతావన్నీ ప్రజా శాసనాలే: గది అద్దెకు కలదు, స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పబడును, మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం. మన కాలపు ఆర్థిక, సామాజిక చరిత్ర రాసేవాళ్లకు అమూల్యమైన ఆకరాలు.

సందర్శకుల సదుపాయాలు సిద్ధంగా ఉన్నాయి. ప్రవేశ రుసుం వసూలుకు రఘునాథపల్లి దగ్గర కోమళ్లలో ఒక కౌంటరు, బీబీనగర్ దగ్గర గూడూరులో ఇంకో కౌంటరు ఏనాడో తెరిచారు. టిక్కెట్టు కొన్నాక గుడి ఇంకెంత దూరమని అడక్కూడదు. ఆర్టీసీ కండక్టర్లకు గైడ్లుగా నాలుగు రోజులు శిక్షణ ఇస్తే చాలు.

“అందరు కుడిదిక్కు సూడుండ్రి. ఇది 2018 నాటి స్తంభం” అంటాడు కండక్టర్.

“మా మనుమడు పుట్టిన ఏడు గదా బిడ్డా. వాడు బడికి పోతుండు, ఇది ఇంక గిట్లనే ఉన్నది” అంటుంది తొర్రూరు అవ్వ.

“అవ్వా, పురాతన కట్టడాలు ఎదగవు.”

యాదగిరిగుట్ట–వరంగల్ మధ్య 99 కిలోమీటర్ల దారిని కూడా ఇదే గడ్కరీగారి హయాంలో, 2016లో శంకుస్థాపన చేసి నాలుగు వరుసలు చేశారు కదా, ఆలేరు నుంచి జనగామ దాకా బండి బాణంలా పోతోంది కదా అని ఎవరైనా అడిగితే ఆ పేజీ దరఖాస్తులోంచి చింపేస్తాను. వారసత్వ వాదనకు అది చాలా చేటు. 99 కిలోమీటర్లు వేయగలిగిన దేశం 6 కిలోమీటర్లు వేయలేకపోయిందంటే యునెస్కో ఎలా నమ్ముతుంది?

నేనూ నమ్మలేకపోతున్నాను. ఆ 99 కిలోమీటర్లూ చూశాక, చేతకాలేదన్న సాకు ఇక చెల్లదు. 600 కోట్ల రూపాయలకు పైగా అంచనాతో మొదలైన పని ఉప్పల్‌ది. కేంద్రం డబ్బు, రాష్ట్ర శాఖ పర్యవేక్షణ. భూసేకరణలో ఆలస్యం మీదేనని ఢిల్లీ అంటుంది, గుత్తేదారును పట్టుకోవాల్సింది మీరేనని హైదరాబాద్ అంటుంది. ఎన్నికలప్పుడు ఇద్దరూ వచ్చి అదే స్తంభం పక్కన నిలబడి ఫొటో దిగి పోతారు. పని పడకేసింది ఒక్క రాత్రిలో కాదు. నెలలు, ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ దాన్ని చూస్తూ సంతకాలు పెట్టిన మనుషులున్నారు. వాళ్లలో ఎవరి జీతమైనా ఆగిందా? ఎవరి పదోన్నతికైనా అడ్డం వచ్చిందా?

ఈ మండపంలో క్యూ తప్పించుకునే వీలులేని భక్తులు కొందరున్నారు. మహబూబాబాద్ నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తెస్తే, అక్కడ కాదని హైదరాబాద్ నిమ్స్‌కో గాంధీకో రాసిన రోగులు. జనగామ దాటాక ఘట్‌కేసర్ దాకా అంబులెన్సు ఊపిరి బిగపట్టి వస్తుంది. నారపల్లి దగ్గర ఆగిపోతుంది. డ్రైవర్ సైరన్ మోగిస్తూనే ఉంటాడు. ముందున్నవాళ్లకు దారి ఇవ్వాలనే ఉంటుంది, జరగడానికి జానెడు చోటు ఉండదు. మధ్యలో స్తంభాలు, పక్కన దుకాణాలు, ఎదురుగా బస్సు. లోపల సెలైన్ సీసా చేత్తో ఎత్తిపట్టుకుని కూర్చున్న కొడుక్కి భూసేకరణ ఎవరి బాధ్యతో, నిధులు ఎవరి వాటానో వివరించే ధైర్యం ఏ మంత్రికైనా ఉంటే ఆ బండి ఎక్కి చెప్పమనండి. ఆ 6 కిలోమీటర్లలో ఆగిన ఊపిర్లకు లెక్క రాసే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు. అందుకే ఇన్నేళ్లు ఇంత నింపాదిగా గడిచాయి.

కాకతీయులు ఏం కట్టినా ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో రాయి మీద చెక్కించారు. పాలంపేట గుడికైతే శిల్పి పేరే మిగిలిందని చెప్పుకుంటాం. ఉప్పల్ స్తంభాల మీద బాధ్యుడి పేరు ఒక్కటీ లేదు.

మంత్రిగారూ, గడ్కరీగారూ, దసరా మాట దసరాకు చూసుకుందాం. ఈలోగా ప్రతి స్తంభం మీదా తెలుగులో ఐదు వాక్యాలు రాయించండి. ఈ పని ఎవరికిచ్చారు, ఎప్పటికి ముగించాలి, ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఆ ఆలస్యానికి గడువు పొడిగించిన అధికారి ఎవరు, ఎంత జరిమానా వేశారు. దీనికి భూసేకరణ అక్కర్లేదు, టెండరు పిలవక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అసలే అక్కర్లేదు. నాలుగు డబ్బాల పెయింటు, ఇద్దరు పెయింటర్లు చాలు. రేపు పొద్దున్నే మొదలుపెట్టించండి.