కొలిచి కోసేవాళ్లం

మా రోజుల్లో బండి గాలి గొట్టం మీద చెయ్యి వేయాలంటే ముందు కొలిచే దారం తీసేవాళ్లం. ఇప్పటి పోరగాళ్లు ముందు రంపం తీస్తున్నారు.

మొన్న ఒక కుర్రవాడు యమహా ఆర్‌ఎక్స్ 100 తోసుకుంటూ మా షెడ్డుకు వచ్చాడు. 1996లో కంపెనీ చేయడం మానేసిన బండి. 98 సీసీ, 11 హార్స్‌పవర్. సరిగ్గా ఉంచితే ఇవాళ్టికీ కొత్త బండ్ల పక్కన తలెత్తుకుని పోతుంది. వీడి బండికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా లేదు. డబ్బాకూ కార్బొరేటర్‌కూ మధ్య ఉండాల్సిన రబ్బరూ లేదు. కార్బొరేటర్ మూతికే ఒక ఎర్ర కోన్ ఫిల్టర్ బిగించి ఉంది.

"తాతా, ఇల్లెందు రోడ్డు ఎక్కుడులో ఇద్దరం కూర్చుంటే లాగుతలేదు. సౌండ్ మాత్రం మస్తుగుంది" అన్నాడు.

"డబ్బా ఏదిరా?"

"తీసి పారేసిన తాతా. గాలి ఫ్రీగా పోవాలె గదా."

నా బాధంతా ఆ మాట దగ్గరే. అడ్డం తీసేస్తే గాలి ఎక్కువ పోతుందని, ఎక్కువ పోతే పవర్ వస్తుందని ఫోన్లో ఎవరో చెబుతారు, వీళ్లు నమ్ముతారు. ఇంజను గాలిని ఏకధారగా తాగదు. గుక్క గుక్కగా లాగుతుంది. లాగినప్పుడల్లా గొట్టంలో ఒక అల పుట్టి బయటి మూతి దాకా పోతుంది. అక్కడ బయటి గాలి తగిలి వెనక్కి తిరుగుతుంది. వెళ్లేటప్పుడు అది లాగే అల, తిరిగొచ్చేటప్పుడు తోసే అల. ఇంజను ద్వారం మూసుకునే లోపు ఆ తోపు వచ్చి తగిలితే ఇంకాస్త గాలి, పెట్రోలు లోపలికి పడతాయి. ద్వారం మూసుకున్నాక వస్తే దండగ.

అల పోయేది చప్పుడు పోయే వేగంతోనే, సెకనుకు 340 మీటర్ల పైచిలుకు. ఆ వేగం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది గొట్టం పొడవు. నిమిషానికి 3000 తిరిగే ఇంజను ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 9000 తిరిగితే దానికి ఏడు కూడా పట్టవు. నిదానంగా తిరిగేదానికి అల ఆలస్యంగా రావాలి, కాబట్టి పొడుగు గొట్టం. ఉరుకులు పెట్టేదానికి పొట్టి గొట్టం. రెండూ ఒకే గొట్టంతో రావు.

మేడారం జాతరలో కోయవాళ్లు తూతకొమ్ము ఊదుతుంటే విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పొడుగు కొమ్ముది బొంగురు గొంతు, పొట్టిదానిది కీచు. గొట్టంలో అల తిరిగొచ్చే సమయం మారితే గొంతు మారుతుంది. ఇంజను గొట్టంలో నడిచే సూత్రమూ అదే.

నేను పని నేర్చుకున్నప్పుడు ఈ చుట్టుపక్కల తిరిగినవన్నీ రాజ్‌దూత్ 175లు, యెజ్డీలు. టేకులపల్లి వైపు తండాల నుంచి పాల క్యాన్లు, మిర్చి బస్తాలు వాటి మీదే వచ్చేవి. అవి వేగం అడగవు, లాగుడు అడుగుతాయి. మా గురువు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రెండంగుళాల అల్యూమినియం ముక్క లేత్ పట్టించి బిగించేవాడు. బిగించాక అసలు పని మొదలయ్యేది. ఎక్కుడు రోడ్డు మీద ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా, అదే బరువుతో, మూడో గేరులో, గడియారం పట్టుకుని నడిపేవాళ్లం. తర్వాత ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్లం. పావంగుళం తగ్గించి మళ్లీ అదే రోడ్డు. అలా పూట గడిచిపోయేది. కింద లాగుడు వచ్చిన బండి పైన వేగంలో తగ్గేది. ఆ సంగతి ఓనరుకు ముందే చెప్పి ఒప్పించాకే చెయ్యి వేసేవాళ్లం. ఇప్పుడు అలా ముందే చెప్పేవాడిని ఒక్కణ్ని చూపించండి.

ఒక ఫిబ్రవరిలో డోర్నకల్‌లో రైలెక్కి మద్రాసు పోయి షోలవరం బండ్ల పందేలు చూశాను. యుద్ధకాలపు పాత విమానాల రన్‌వే అది. అక్కడ ఫిల్టర్లు లేని బండ్లు చూసి నేనూ మోసపోబోయాను. దగ్గరికి పోయి చూస్తే కార్బొరేటర్ మూతికి సన్నాయి మూతిలాగా విచ్చుకున్న గొట్టాలున్నాయి. అంచు అలా నున్నగా వంగి ఉంటే గాలి చుట్టుపక్కల నుంచి చెదరకుండా జారి లోపలికి పోతుంది. ఒక బండిది బెత్తెడు పొడుగు, పక్కదానిది అందులో సగం. వాళ్లు డబ్బా తీసేశారు నిజమే, దాని బదులు కొలిచిన గొట్టం పెట్టారు. మన కుర్రవాళ్ల కంటికి మొదటి సగమే ఆనింది.

యమహా వాళ్లే 2007 ఆర్‌1 బండిలో ఈ గొట్టాన్ని రెండు ముక్కలు చేశారు. వేగం పెరిగాక చిన్న మోటారు పై ముక్కను ఎత్తేస్తుంది, గొట్టం పొట్టిదవుతుంది. 1991లో లే మాన్ పందెం గెలిచిన మాజ్డా 787బి కారులో గొట్టాలు ఇంజను వేగాన్ని బట్టి పొడుగూ పొట్టీ అవుతుండేవి. అంత చదువుకున్న ఇంజనీర్లు గొట్టం పొడవు కోసం అంత తిప్పలు పడ్డారంటే, ఇక్కడ సంత రోడ్డులో దాన్ని పీకి చెత్తలో వేయడం చూసి నా కడుపు మండదా?

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధన వచ్చింది. కొత్త బండ్లు కంప్యూటర్ మాట వింటున్నాయి, వాటిలో కార్బొరేటర్ జెట్టు మార్చే పని పోయింది. దాని మీద నాకు కోపం లేదు, పొగ తగ్గింది. కానీ మూత పెట్టిన డబ్బా లోపల గొట్టం ఎంత పొడుగుందో విప్పి చూద్దామన్న ఆసక్తి కూడా దాంతోపాటే పోయింది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు స్కానర్ ఉందా అని అడుగుతారు. దారం ఎందుకు అని ఒక్కడూ అడగడు.

కుర్రవాడి బండి ప్లగ్గు విప్పితే సున్నంలా తెల్లగా ఉంది. గాలి ఎక్కువై, పెట్రోలు తగ్గి మాడుతోంది. ఇంకో నాలుగు ఎక్కుళ్లు ఎక్కితే పిస్టన్ పట్టేసేది. పాత సామాన్లలో వెతికి ఒక డబ్బా, పగుళ్లు లేని రబ్బరు తీసి బిగించాను. కంపెనీ నంబరు జెట్టు వేశాను. వాడి తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టి ఇల్లెందు రోడ్డుకు పంపాను. వచ్చి, "సౌండ్ తగ్గింది తాతా" అన్నాడు ముందు. తర్వాత, "మూడో గేరులోనే ఎక్కింది" అన్నాడు.

దారం తీసి వాడి చేతికిచ్చాను. రబ్బరు ఎంత పొడుగుందో కొలిచి ముడి వేయమన్నాను.