‘ప్రతులకు: రచయిత’ – టీకా తాత్పర్యం

మూలము: ప్రతులకు: రచయిత, మెయిన్ రోడ్డు, దొర్నిపాడు, నంద్యాల జిల్లా. వెల: రూ. 150. ఫోన్‌పే కలదు.

టీక: ప్రతులకు = అచ్చయి వచ్చి మంచం కింద కట్టలుగా పడి ఉన్నవాటి కొరకు; రచయిత = రాసినవాడును, అచ్చుకు అప్పు చేసినవాడును, పార్సిలు కట్టువాడును తానే అయినవాడు; దొర్నిపాడు = కోవెలకుంట్లకును ఆళ్లగడ్డకును నడుమ నున్నదై, ‘అన్ని ప్రముఖ పుస్తక కేంద్రముల’ లెక్కలోనికి రానిది; ఫోన్‌పే = ‘తర్వాత ఇస్తాలే అన్నా’ అను రోగమునకు మందు.

తాత్పర్యము: సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నవాడు చేతిలో మిగిలిన నాలుగు రాళ్లూ ఆవిష్కరణ సభకు కాక తపాలాకు పెట్టవలెనని భావము. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువలు, టిఫిన్లు – ఇంత ఖర్చుకూ వచ్చేది ఎలాగూ ఊరికే కాపీ పుచ్చుకునే మిత్రులే. అందులో సగం మంది వేదిక మీదే కూర్చుంటారు. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు, న్యాయమే. 2025 మే 1న పుస్తకాలకు చౌక తపాలాగా జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. పన్ను కాక, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100. 70 జీఎస్ఎం కాగితం మీద డెమ్మీ సైజులో 200 పేజీల పుస్తకం అట్టతో కలిపి సుమారు 230 గ్రాములు తూగుతుంది. 260 పేజీలు దాటితే 300 గ్రాముల గీత దాటే ప్రమాదం. చివరి మూడు కథలు తీసేయమంటే వినని రచయిత కూడా పోస్టాఫీసు త్రాసు మాట వింటాడు. అదే లెక్కన నంద్యాలలో నమ్మకస్తుడైన ఒక పాఠకుడికి 20 ప్రతుల కట్ట పంపితే కాపీకి పడేది 5 రూపాయలు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుడి పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. బావగారి ఎరువుల అంగడి ప్రకటనతో అచ్చు ఖర్చు రాబట్టుదామన్న ఆశ అక్కడితో సరి.

శంక: సభ లేకపోతే పేపర్లో ఫోటో ఎలా వస్తుంది? సమాధానము: వస్తుంది కానీ, దాని కింద అతిథుల పేర్లుంటాయి, పుస్తకం దొరికే నంబరు ఉండదు. మరి షాపులకిస్తే? వెలలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి, కమీషను పోతుంది. మిగిలింది అమ్మాక, అడిగాక వస్తుంది. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల సంగతి వేరు, అక్కడ కొనేవాడు నాలుగు పేజీలు తిరగేసి మరీ కొంటాడు. తెలిసినవాళ్ల స్టాలుంటే పది కాపీలు పెట్టడం మంచిదే. ఇక గట్టి పూర్వపక్షమొకటి కలదు: తన పుస్తకం తానే అమ్ముకోవడం చిన్నతనం కదా అని. 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి ముందుగా చందాదారులను కూర్చుకున్నాకే పుస్తకాలు వేసింది. దానికి లింకన్ చరిత్ర రాసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుది కర్నూలే. ముందు డబ్బు అడగడం వారికి చిన్నతనం కానప్పుడు, అచ్చయ్యాక అడగడం దొర్నిపాడు రచయితకు ఎందుకవుతుంది?

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ‘వెల: అమూల్యం’ అని కలదు. ఆ పాఠము అగ్రాహ్యము. వెల వేయని పుస్తకాన్ని చుట్టం చంకన పెట్టుకుపోతాడు, షాపువాడు ముట్టనే ముట్టడు.