ఆకు ఊగింది, తాత దొరికాడు!

ఓబులదేవరచెరువు నుంచి డాలస్ వెళ్లిన అబ్బాయి వంశవృక్షాల సైటు ఆన్సెస్ట్రీలో తాత పేరు ‘ఓబులేసు’ అని కొట్టాడనుకోండి. పచ్చటి ఆకు టపటపా ఊగుతుంది: ఆచూకీ దొరికిందహో! అహోబిలం స్వామి దయవల్ల ఈ వైపు వీధికి నలుగురు ఓబులేసులు. పైగా తాత పేరే మనవడికి. ఇద్దరినీ ఒక్కడిని చేసేయడానికి యంత్రానికి ఇంకేం కావాలి?

పుట్టినరోజుతో తేల్చుకుందామా? బడిలో చేర్చుకున్న అయ్యవార్లు ఊళ్లో సగం మందిని జూలై 1నే పుట్టించారు. అందరూ కవలలే!

ఊరు చూద్దామా? ఓబులదేవరచెరువు ఉన్న కదిరి తాలూకా 1910లో కడప నుంచి అనంతపురానికి మారింది, 2022లో శ్రీసత్యసాయి జిల్లా వచ్చింది. చింతచెట్టు కింద నుంచి కదలని వంశం రెండుసార్లు వలసపోయినట్టు తేలుతుంది.

ఆకు అడిగినదానికల్లా నాలుగుసార్లు ‘అవును’ నొక్కితే, పెనుకొండ దగ్గరే కాబట్టి రాయలవారు ముత్తాతకు మేనమామ. ఆ వంశవృక్షాన్ని ఇంకొకరు తమ చెట్టుకు అంటుకడతారు. ‘ఇద్దరు చెప్పారు, నిజమే’ అని ఆకు మళ్లీ ఊగుతుంది.

వెనకటికి వంశరాజులు గడపకొచ్చి గోత్రాలు చెప్పి చేటెడు గింజలు పట్టుకెళ్లేవారు. తప్పు చెబితే అవ్వ అక్కడే కసిరేది. ఆకుకేమో ఏటా డాలర్లు కట్టాలి. అవ్వకు లాగిన్ లేదు.