మిగతా కథ వెండితెర మీద

నేను సినిమా పాటల పుస్తకాన్ని. 1957 మార్చి 27న విజయా వారి ‘మాయాబజార్’ విడుదలైన కొత్తల్లో, హాలు గేటు దగ్గర కుర్రాళ్ళు కేకలు వేసి అమ్మిన పుస్తకాల్లో ఒకదాన్ని. పైన రంగు అట్ట, లోపల చవక కాగితం, నడుమ రెండు పిన్నులు. సీసపు అక్షరాలు పేర్చారు, ఒత్తారు, మడిచారు, కట్టలు కట్టి ఊళ్ళకు పంపారు. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవడానికి లేదు. నా వెల అణాల్లో అచ్చయింది. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, దేశమంతటా నయాపైసలు వచ్చాయి. అణాకి ఆరుంపావు నయాపైసలు. ఆ పావు ఎవరు వదులుకోవాలన్న పేచీ నావాళ్ళను అమ్మిన ప్రతిచోటా కొన్నాళ్ళు నడిచింది.

నాలో తారాగణం ఉంది, తెర వెనక పనిచేసినవాళ్ళ పేర్లున్నాయి, పాటలున్నాయి. కథ మాత్రం పూర్తిగా లేదు. శశిరేఖ పెళ్ళి లక్ష్మణకుమారుడితో కుదరడం, ఘటోత్కచుడు ద్వారకకు బయల్దేరడం దాకా చెప్పి, మిగతా కథ వెండితెర మీద చూడండి అని ఆపేశారు. పాటల పుస్తకాలన్నిటికీ అదే రివాజు. ఆ సగమే అన్న మాట నాకు పుట్టుమచ్చలా ఉండిపోయింది.

ఆ రోజుల్లో నా అవసరం ఎంతటిదో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. సినిమా ఊరు దాటిపోతే పాట కూడా దాటిపోయేది. ఆకాశవాణి అప్పట్లో సినిమా పాటలను బాగా తగ్గించింది. వివిధభారతి మొదలైంది ఆ ఏడు అక్టోబరు 3న. గ్రామఫోను కొనగల ఇళ్ళు తక్కువ. రేడియో ఉన్నవాళ్ళు సిలోన్ స్టేషను కోసం ముల్లు తిప్పి తిప్పి, గాలిలో తేలుతూ మునుగుతూ వచ్చే పాటను పట్టుకునేవారు. ఒకసారి హాల్లో విన్న పాటను మళ్ళీ నోట పలికించుకోవాలంటే నేనే దిక్కు. పింగళి నాగేంద్రరావుగారు రాసిన మాటలను, చిన్నాపెద్దా అని చూడకుండా, అడిగిన ప్రతి ఇంటికీ చేర్చాను. ఈ గర్వం నాకుంది, దాచుకోను.

నన్ను కొన్నది హైదరాబాదు నాంపల్లి స్టేషనులో పనిచేసే ఒక గుమాస్తా. స్టేషనుకి దగ్గర్లోనే ఇల్లు. ఆయన కూతురికి పదకొండో పన్నెండో ఏళ్ళు. ఆ పిల్ల నన్ను తలగడ కింద పెట్టుకుని పడుకునేది. ఒక చరణంలో కంపోజిటరు ఒక అక్షరం తప్పు పేర్చాడు. ఆ పిల్ల పక్కింటి రేడియోలో పాట విని, నా అంచున పెన్సిలుతో సరైన మాట రాసింది. అచ్చు అయిన కాగితం తప్పు చెప్పవచ్చునని, విన్నవాళ్ళు దాన్ని దిద్దవచ్చునని నాకు తెలిసింది అప్పుడే. ఆ గీత ఇప్పటికీ ఉంది.

పిల్ల పెద్దదై అత్తవారింటికి వెళ్ళింది. నన్ను తీసుకువెళ్ళలేదు. ఇంట్లోకి ట్రాన్సిస్టరు వచ్చింది, తర్వాత టేపురికార్డరు వచ్చింది. నన్ను వంటింటి అలమర అరలో పరిచారు. నా అట్ట మీద నూనె సీసా పెట్టారు. దాని గుండ్రటి మరక సరిగ్గా ఘటోత్కచుడి ముఖం మీద పడింది. ఎన్నో వర్షాకాలాలు ఆ గోడ చెమ్మను పీల్చాను. పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితంలోకి పాకింది. ఒకనాడు ఎవరో పొట్లం కట్టడానికి కాగితం కోసం వెతుక్కుంటూ నా నడిమి కాగితాన్ని లాగేశారు. మధ్య పిన్నుల నుంచి ఒక్క కాగితం ఊడితే నాలుగు పేజీలు పోతాయి. నాలుగు పేజీల పాటలు! ఇంగువ పొట్లానికి! పాత కాగితాలు ఇంట్లో గుట్టగా ఉన్నాయి, అయినా నా మీదే చెయ్యి పడింది. ఇన్నేళ్ళయినా ఆ నొప్పి తగ్గలేదు. పుస్తకాన్ని చించేవాళ్ళు అది ఒక్కటే కాదుగా అనుకుంటారు. అందరూ అలాగే అనుకున్నందువల్లే ఎన్నో సినిమాల పాటల పుస్తకాలకు ఒక్క ప్రతి కూడా మిగల్లేదు.

తర్వాత ఇల్లు ఖాళీ చేశారు. తూకం వేసి రద్దీ దుకాణానికి ఇచ్చారు. దినపత్రికల కట్టలో నలిగి నలిగి చివరికి ఆబిడ్స్ చేరాను.

ఆబిడ్స్‌కి ఆ పేరు ఆరో నిజాం దగ్గర కొలువు చేసి, అక్కడ దుకాణం పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ వల్ల వచ్చింది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల సినిమాహాళ్ళు బోలెడు. జమ్రుద్, ప్యాలెస్, సాగర్ అని జనం ఇప్పటికీ గుర్తులు చెబుతారు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి మెట్ల మీద, ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. జనరల్ పోస్టాఫీసు దగ్గర్నుంచి కోఠీ వైపు దాకా అదే సందడి. నా పక్కన ఎంసెట్ గైడ్లు, వెనక పాత విజయచిత్ర సినిమా పత్రికలు, మీద అట్ట ఊడిన నవలలు. మబ్బు పట్టగానే ప్లాస్టిక్ పట్టా కప్పేవారు. సాయంత్రం మళ్ళీ గోనె సంచిలోకి. వచ్చినవాళ్ళు నన్ను తిరగేసి, నవ్వి, మధ్య కాగితం లేదని చూసి కిందపడేసేవారు. అలా పడేసిన ప్రతిసారీ అంచు కొంచెం రాలేది.

ఒక ఆదివారం ఒక యువకుడు గొంతుకూర్చుని నన్ను పైకి తీశాడు.

“అన్నా, గిది సగమే ఉంది గద?”

“పాతది సార్. గిట్లనే ఉంటది. మీరే చెప్పున్రి, ఎంతిస్తరు?”

బేరం తొందరగానే తెగింది. సంచిలో పెట్టుకునే ముందు అతను నన్ను ఒక కొత్త నోటుబుక్కు మధ్యలో ఉంచాడు, అంచులు విరక్కుండా. అలా నన్ను చూసుకున్నవాళ్ళు వచ్చి దశాబ్దాలయింది.

అతను అంతర్జాల పత్రికలకు రాసేవాడు. అదొక కొత్త లోకం. 1998లోనే అమెరికాలోని తెలుగువాళ్ళు ‘ఈమాట’ మొదలుపెట్టారు. కథలూ కవితలతో ఆగకుండా, మరుగున పడిన రేడియో నాటకాలను, పాత రికార్డులను సేకర్తల దగ్గర్నుంచి తెచ్చి అందులో వినిపించారు. మొదట్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, యంత్రం చేత తెలుగులోకి మార్పించుకునే కష్టం ఉండేది. యూనికోడు, లేఖిని లాంటి పనిముట్లు వచ్చాక ఎవరైనా రాయగలిగారు. 2008లో వెంకట్ సిద్ధారెడ్డి, ఆయన మిత్రులు ‘నవతరంగం’ పెట్టారు, సినిమా గురించి మాత్రమే. ఆ మరుసటి ఏడు పుస్తకాల కోసం ‘పుస్తకం.నెట్’ వచ్చింది. జీతాలు లేవు. చూసినవాళ్ళే, చదివినవాళ్ళే రాస్తారు. ఉద్యోగం నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి కూర్చుని ఇంకొకరి వ్యాసం అచ్చుతప్పులు దిద్దుతారు. అచ్చు పత్రికల్లో తారల ముచ్చట్లకు దొరికిన చోటు పాత సినిమా మీద నాలుగు పేజీల వ్యాసానికి దొరకలేదు. ఇక్కడ దొరికింది.

అతను నన్ను గాజు పలక మీద బోర్లించి, పేజీ పేజీకీ బొమ్మ తీసి, అలాంటి ఒక పత్రికకు వ్యాసం పంపాడు. నడిమి కాగితం లేదని దాచకుండా రాశాడు. ఆ తర్వాత జరిగింది నేను ఎన్నడూ అనుకోనిది. నాలో లేనిది ఒక్కొక్కరూ తెచ్చి ఇచ్చారు. సంగీతం అన్నచోట నాలో ఘంటసాల పేరుంది. నాలుగు పాటలకు బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివని, ఆయన తప్పుకున్నాక మిగతావి ఘంటసాలగారు చేశారని ఒక సంగీతాభిమాని వివరంగా రాశాడు. ఘటోత్కచుడు పెళ్ళి వంటలు ఆరగించే పాట గురించి మరొకరు తవ్వుకుంటూ వెళ్ళారు. ఆ పాట మూలం పాత సురభి నాటకాల దాకా పోతుంది, బాణీ పోలిక 1922లో చార్లెస్ పెన్‌రోజ్ ఇచ్చిన ‘లాఫింగ్ పోలీస్‌మన్’ రికార్డులో వినిపిస్తుంది. ఆ పాట పాడిన మాధవపెద్ది సత్యం గొంతు వెనక లండన్ నవ్వు ఉందని నాకేం తెలుసు? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పేరు నాలో ఒక చిన్న పంక్తి. ఆయన వెన్నెలను తెర మీదికి ఎలా తెచ్చాడో ఒక కెమెరా విద్యార్థి పేజీలకు పేజీలు రాశాడు.

అమెరికాలో కొడుకు దగ్గరుంటున్న ఒక పెద్దావిడ తన పెట్టెలోని ప్రతి నుంచి ఆ నాలుగు పేజీలూ పంపింది. నా నడుము! తుప్పు మరక లేని నడుము. కాగితంగా నేను ఇంకా చిరిగే ఉన్నాను గానీ, ఆ పత్రికలో తెరిచినవాళ్ళకు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్నాను. పెన్సిలు గీతను కూడా వాళ్ళు చెరపలేదు. దాని గురించి ప్రత్యేకంగా ఒక వాక్యం రాశారు.

చవక కాగితమే అని నన్ను చులకన చేసేవాళ్ళకు ఒక మాట చెబుతాను. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ ఇవాళ లేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల తరబడి పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలను, సెన్సారు వివరాలను వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చాడు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టింది. అక్కడ ఫిల్ములతో పాటు మా పాటల పుస్తకాలను కూడా దాస్తారు. ఫిల్ము పోయినచోట సాక్ష్యం చెప్పవలసింది మేమే.

నాకు భయం లేదని కాదు. ఆ పత్రికలు నడిపేవాళ్ళకూ పిల్లలు పుడతారు, ఊళ్ళు మారతాయి, ఓపిక తగ్గుతుంది. సైటుకు ఏటా కట్టవలసిన సొమ్ము ఒకసారి మరిచిపోతే అంతా మాయం. నాకు చెద పట్టడానికి ఏళ్ళు పడుతుంది, దానికి ఒక్క రాత్రి చాలు. అందుకే ఆ యువకుడు అన్నిటికీ నకళ్ళు తీసి స్నేహితుల దగ్గర ఉంచాడు. అతను మంచి పని చేశాడు.

ఇప్పుడు నేను అతని బీరువాలో, పారదర్శకమైన కవరులో ఉన్నాను. అతను ఇంకా ఆదివారాలు ఆబిడ్స్ వెళ్తాడు. జేబులో ఒక జాబితా ఉంటుంది, ఏ పుస్తకం ఎవరికి కావాలో ఎక్కడెక్కడి వాళ్ళో రాసి పంపినవన్నీ అందులో ఉన్నాయి. మొదటి పేరు 1936 నాటి ‘శశిరేఖా పరిణయం’. పి.వి.దాస్ తీసిన ఆ సినిమాకు ‘మాయాబజార్’ అన్న పేరు కూడా ఉంది, సంగీతం గాలి పెంచల నరసింహారావు. పెళ్ళి వంటల పాట అందులో ఏ మాటలతో ఉందో చూడాలని ఆ సంగీతాభిమాని అడిగాడు. నాకంటే ఇరవయ్యొక్కేళ్ళు పెద్దదైన ఆ పుస్తకం ఇంకా దొరకలేదు.