పాజ్ నొక్కింది నేనే

మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాదే గానీ మూడు పక్కలా ఆంధ్రానే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. క్రికెట్ దగ్గరికొస్తే అందరం బెంగళూరు పక్షం. 2008లో ఐపీఎల్ మొదలైనప్పటి నుంచి కప్పు కోసం కాచుకున్న ఇళ్లలో మాదీ ఒకటి. మా నాయనకు నాకంటే ఆశ ఎక్కువ.

తిరుమణి దిక్కున మాకున్న చేను సోలార్ పార్కుకు ఇచ్చేసినాం. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు. ఆ డబ్బుతోనే పెద్ద టీవీ, నెట్, దానికొక చిన్న బాక్సు వచ్చినాయి. అన్నీ నెట్‌లోనే వస్తాయని మిద్దె మీది డిష్ తీయించేసినాను. నాయన వద్దన్నాడు. నేను వినలేదు.

2025 జూన్ 3, అహ్మదాబాద్‌లో ఫైనల్. బెంగళూరు 190 కొట్టింది. పంజాబ్ ఆడుతూ ఉంటే, కృనాల్ బౌలింగ్‌లో ఇంగ్లిస్ ఔటైన కాసేపటికి నాయన పెరట్లోకి పోవాలన్నాడు. "నేనొచ్చేదాకా ఆపి పెట్టు రా" అన్నాడు. పాజ్ నొక్కినాను. ఆయనవి ఈ సీమ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మోకాళ్లు. పోయి రావడానికి చాలాసేపు పడుతుంది. వచ్చి కూచున్నాక ప్లే నొక్కినాను. ఆపిన చోటి నుంచే ఆట మళ్లీ మొదలైంది. మా తెర మీదిది ఇప్పటి ఆట కాదని నాకు తట్టనే లేదు.

కొంచెం సేపటికి వీధిలో టపాసులు పేలినాయి. అక్కడ భువనేశ్వర్ ఒకే ఓవర్లో రెండు వికెట్లు తీసినాడు. మా తెర మీద పంజాబ్ ఇంకా నింపాదిగా ఆడుతోంది. నెట్ స్లో అయిందని అప్పుడే తీర్మానం చేసేసినాను. మా ఊర్లో నెట్ చూసుకునే పిల్లోడికి ఆ రాత్రిపూట ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టినాను. వాడు ఓపికగా, "మామా, లైన్ బాగానే ఉండాది. మధ్యలో యాడన్నా పాజ్ చేసినారేమో చూడండి, లైవ్ అని ఉంటాది, అది నొక్కండి" అన్నాడు. సరైన మాట అదొక్కటే. "నాకే నేర్పుతావా" అని ఫోన్ పెట్టేసినాను.

తర్వాత టీవీ రిమోట్ తీసుకొని ముందుకు జరిపే బటన్ నొక్కితే ఏమీ కదల్లేదు. ఆట వచ్చేది బాక్సులోంచి, నా చేతిలో ఉన్నది టీవీ రిమోట్. బాక్సు రిమోట్ పట్టుకునేసరికి ప్రకటన వచ్చింది. అది అయిపోయేదాకా ఏ బటనూ పనిచేయలేదు. అంతలో బెంగళూరు నుంచి నా కొడుకు ఫోన్: "అప్పా, గెలిచినాం!" మా తెర మీద ఇంకా మూడు ఓవర్లు ఉండాయి. ఆటంతా చెడగొట్టినావని వాడి మీద అరిచి, కోపంతో పోయి రూటర్ వైరు పీకేసినాను. నెట్ తిరిగొచ్చి మ్యాచ్ తెరిచేసరికి ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. "చివరి ఓవర్ ఏది రా?" అని నాయన అడిగినాడు.

ఆ చివరి ఓవర్లో పంజాబ్‌కు 29 కావాలి. హేజిల్‌వుడ్ మొదటి రెండు బంతులకు ఒక్క పరుగూ రానీలేదు. ఆ తర్వాత శశాంక్ వరసగా 22 కొట్టినా ఆరు పరుగులతో కప్పు మనకొచ్చింది. వెనక్కి జరిపి చూడొచ్చని తెలుసుకొని, తెల్లారి అదంతా ఆయనకు చూపించబోయినాను. "గెలిచింది తెలిసినాక ఇంకేముంది రా చూసేదానికి" అని మొహం తిప్పుకున్నాడు. పద్దెనిమిది సీజన్లు కాచుకున్న మనిషి. నేను చేతులు కట్టుకొని ఊరికే కూచొని ఉంటే, ఆలస్యంగానైనా ప్రతి బంతీ చూసి ఉండేవాడు.

ఆ సాయంత్రమే చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయినారు. టీవీలో అది చూసి, ముందురాత్రి అరిచిన నోటితోనే వణుకుతూ నా కొడుక్కి ఫోన్ చేసినాను. వాడు డ్యూటీలో ఉన్నాడు. కొన్ని నిమిషాల ఆట కోసం వాడినేమన్నానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నెట్ పిల్లోడి ఇంటికి పోయి తప్పు నాదేనని చెప్పుకున్నాను. వాడే కూచోబెట్టి అంతా విడమరిచి చెప్పినాడు.

డిష్‌కు సంకేతం 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం దాకా పోయి రావడానికి పట్టేది పావు సెకను. నెట్‌లో అట్లా కాదు. ఆటను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో తయారుచేసి పంపుతారు. మధ్యలో ఆగకుండా ఉండేందుకు మన బాక్సు కొన్ని ముక్కలు ముందే దాచుకొని ఆడిస్తుంది. అందుకే పక్కింటి డిష్ కంటే అర నిమిషం వెనకుండడం మామూలే. మాకు దాని మీద నేను నొక్కిన పాజ్ అంతా తోడైంది. మరీ ఎక్కువసేపు ఆపితే పాత ముక్కలను సర్వర్ తీసేయవచ్చు. అప్పుడు ఆపిన చోటి నుంచి ఆట రాకపోతే అది లైను తప్పు కాదు.

మీ ఇంట్లోనూ ఇట్లాంటిది జరిగితే ముందు తెర కింద లైవ్ గుర్తు చూడండి. అది వెలగకపోతే గీతను చివరిదాకా జరపండి. కుదరకపోతే మ్యాచ్‌లోంచి బయటికొచ్చి మళ్లీ తెరవండి, చాలు. రూటర్ జోలికి పోవద్దు. బాక్సుకు బాక్సు రిమోటే వాడండి. టీవీ రిమోట్‌తోనే నడవాలంటే టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేయాలి. శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇంట్లో పెద్దవాళ్లు ఆపమంటే ఆపండి. తర్వాత ఆట వెనకబడిందని కంగారుపడకండి. ఫోన్లు పక్క గదిలో పెట్టి, చివరి బంతి దాకా వాళ్లను చూడనివ్వండి.