జీతం లేని ఉద్యోగ పర్వం

తెలుగులో ఉద్యోగం అన్న మాటకు జీతం ఎప్పుడు తోడైందో గానీ, మహాభారతంలో ఉద్యోగ పర్వం నాటికి ఆ రెంటికీ చుట్టరికం లేదు. అక్కడ ఉద్యోగమంటే పూనిక. యుద్ధం తప్పదని తెలిశాక మనుషుల్ని కూడగట్టడం, బలాబలాల లెక్క చూసుకోవడం, గడపగడపకూ వెళ్లి పిలవడం. ఆ పాత అర్థంలో ఇప్పటికీ ఉద్యోగం వెలగబెడుతున్న జాతి ఒకటుంది. వాళ్లను ‘ఆర్‌ఫోర్’లు అంటారు. ‘వైట్‌అవుట్ సర్వైవల్’ అనే మొబైల్ ఆట ఆడేవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఆడనివాళ్లకు క్లుప్తంగా: లోకమంతా మంచు కప్పేస్తే, ఫర్నేస్ రాజేసుకుని దాని చుట్టూ ఊరు కట్టుకోవడం ఆట. వందమంది దాకా కలిస్తే ఒక అలయన్స్. అందులో ఆర్‌వన్ నుంచి ఆర్‌ఫైవ్ వరకు అయిదు మెట్లు. ఆర్‌ఫైవ్ ఒక్కరే, గుడి ధర్మకర్తలా ఉత్సవం రోజున దర్శనమిస్తే చాలు. మిగతా చాకిరీ ఆర్‌ఫోర్‌ది. మే నెలలో రెంటచింతల ఎండకు తడిగుడ్డ నెత్తిన వేసుకుని, ఫర్నేస్‌లో బొగ్గు నిండుకుంటోందని దిగులుపడే మనిషి ఎవరైనా కనబడితే, ఆయన ఈ జాతివాడే.

ఈయనకు ఆటపిచ్చి అని ఇంట్లోవాళ్ల ఫిర్యాదు. పెత్తనం పిచ్చి అని అలయన్స్‌లోవాళ్ల గుసగుస. ఆయన రోజు ఎలా గడుస్తుందో చూస్తే రెండు ఆరోపణలూ నిలబడవు. శత్రువుతో ఆయనకు పెద్దగా పని పడదు. ఆయన పోరంతా సొంతవాళ్ల నిద్రతో, మతిమరుపుతో. బేర్ హంట్‌నే తీసుకోండి. ఎలుగుబంటిని అందరూ కలిసి అరగంట సేపు కొట్టాలి. అది చావదు, మనవైపు ఒక్క సైనికుడూ గాయపడడు. ఎంత గట్టిగా కొట్టామన్నదే లెక్క. కొట్టేది ర్యాలీతో. ర్యాలీ అనగానే మనకు జెండాలు, బైకులు, బిర్యానీ పొట్లాలు గుర్తొస్తాయి. ఈ ర్యాలీకి జనాన్ని తోలడం ఇంకా కష్టం, ఎందుకంటే బిర్యానీ లేదు. ఒకరు ర్యాలీ పెట్టాక అయిదు నిమిషాల్లోపు మిగతావాళ్లు తమ సైన్యాన్ని అందులో కలపాలి. ఆ ఎదురుచూపుకు రానూపోనూ పట్టే సెకన్లు చేరిస్తే, అరగంటలో ఒక్కొక్కరు పెట్టగలిగేవి మహా అయితే అయిదు ర్యాలీలు. పైగా చేరడానికీ ఓ శాస్త్రముంది. ర్యాలీ పెట్టినవాడి ముగ్గురు హీరోల విద్యలన్నీ పనిచేస్తాయి. చేరినవాళ్లకు మాత్రం వరసలో మొదట నిలబడ్డ హీరో మొదటి విద్య ఒక్కటే, అదీ నలుగురిదే లెక్కకొస్తుంది. అందుకని చేరేవాళ్లు ముందు జెస్సీ అనే హీరోను నిలబెట్టాలి. జెస్సీ లేకపోతే అసలు హీరోనే పంపకూడదు. ఈ రెండు వాక్యాలనూ ఆర్‌ఫోర్ రామకోటి రాసినట్టు రాస్తాడు. అయినా ఎవరో ఒకరు తాము ముచ్చటపడి పెంచుకున్న హీరోనే ముందు నిలబెట్టి పంపుతారు, పెళ్లి ఫొటోలో వధూవరులకు అడ్డంగా నిలబడే దూరపు చుట్టంలా.

ఇక వేళ సంగతి. ఆటకు గడియారం ఒకటే, యూటీసీ. అందులో కొత్త రోజు మనకు తెల్లవారి 5:30కి మొదలవుతుంది. బేర్ 14:00కి అని నోటీసు పెడితే విజయవాడలో రాత్రి 7:30. డల్లాస్‌లో ఎండాకాలం అయితే ఉదయం 9, నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకోగానే 8. చాలా దేశాలవాళ్లకు గంటలు కూడితేనో తీసేస్తేనో సరిపోతుంది. మనకు పైన మరో అరగంట తోక. బేర్ హంట్ నిడివీ సరిగ్గా ఆ అరగంటే. అయిదున్నరను ఆరుగా సరిపెట్టుకున్నవాడు ఎలుగుబంటి సెలవు తీసుకునే నిమిషానికి ఠంచనుగా హాజరవుతాడు, పైగా ‘ఎవరూ లేరేంటి?’ అని అడుగుతాడు. ఇంతకుముందే స్థలాల పంపిణీ అనే తతంగం ఒకటి నడిచి ఉంటుంది. ఎలుగుబంటి ఉండే ట్రాప్‌కు దగ్గరగా ఉన్న ఊరినుంచి సైన్యం త్వరగా చేరుతుంది కనుక ఎవరి ఊరు ఎక్కడుండాలో ఆర్‌ఫోర్ గళ్లు గీసి చెప్పాలి. తహసీల్దారుకైనా సర్వేయరు ఉంటాడు. ఈయనే కొలవాలి, ఈయనే పట్టా ఇవ్వాలి, పక్కవాడు రెండు గళ్లు ఆక్రమించాడన్న ఫిర్యాదూ ఈయనే వినాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పని జాబితా రాయడం. ర్యాలీలు ఎవరు పెట్టాలి, ఎవరు చేరి ఊరుకోవాలి అన్నది బలాన్ని బట్టి తేల్చాలి. ఉద్యోగ పర్వంలో ఈ పని భీష్ముడు చేశాడు. తమవైపు ఎవరు రథులో, ఎవరు అతిరథులో వరసగా చెబుతూ కర్ణుణ్ణి అర్ధరథుడన్నాడు. కర్ణుడు అలిగి, ఈ ముసలాయన సేనాపతిగా ఉన్నంతవరకు యుద్ధమే చేయనన్నాడు. అలా పది రోజుల పోరు కర్ణుడు లేకుండానే గడిచింది. భీష్ముడికున్న వయసు, హోదా ఆర్‌ఫోర్‌కు లేవు. కాబట్టి ఆయన అర్ధరథుడన్న మాటను నోట రానివ్వడు. ‘ర్యాలీలు మీరే పెట్టాలన్నా, కానీ మీరు చేరితేనే మిగతావాళ్లకు ధైర్యం’ అంటాడు. ఈ వాక్యానికి అర్థం లేదని రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. అలక మాత్రం తప్పుతుంది.

ఇంత నేర్పు ఉన్నవాడు దాన్ని ఆఫీసులో చూపిస్తే ప్రమోషన్ వచ్చేది కదా అని ఒక ఆక్షేపణ. వినడానికి బాగుంది. ఆఫీసులో పైవాడి చేతిలో జీతముంది, సెలవుంది, బదిలీ ఉంది. ఆర్‌ఫోర్ చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, అలయన్స్‌లోంచి తీసేయడం. తీసేస్తే ఆ మనిషి తన సైన్యమంతా వెంటబెట్టుకుని పక్క అలయన్స్‌లో తేలతాడు. వాడితే తనకే తగిలే ఆయుధం అది. పెత్తనం అన్న ఆరోపణ కూడా ఇక్కడే వీగిపోతుంది: బతిమాలుకుంటూ చేసేదాన్ని పెత్తనం అనరు. ఆయన నోటీసులో అన్ని చేతులు జోడించిన బొమ్మలు ఎందుకుంటాయో, అర్ధరాత్రి కూడా ‘అన్నా’, ‘అక్కా’ ఎందుకు వదలడో దీన్నిబట్టి అర్థమవుతుంది. సమయం వృథా కదా అంటే, కాదనలేం. కాకపోతే దాన్ని ఆటలో వృథా చేశాడనడం అన్యాయం; అరగంట ఆటకు ఆయన రోజంతా గుమాస్తాగిరీయే చేశాడు.

బరువున్న అభ్యంతరం ఇంకోటి ఉంది. ఇవి డబ్బు పోసి బలం కొనుక్కునే ఆటలు, ఈ సన్నాహమంతా ఉత్తుత్తిది అంటారు. సగం నిజమే. వేలు ఖర్చుపెట్టినవాడి ర్యాలీ దెబ్బే వేరు. కానీ ర్యాలీలో పట్టేంత సైన్యాన్ని ఆ ధనికుడు ఒక్కడూ నింపలేడు. పైసా పెట్టని చిన్నవాళ్లు తలా కాస్త పోస్తేనే అది నిండుతుంది, ఆ చిన్నవాళ్లను వేళకు లేపేది ఆర్‌ఫోరే. నిజమైన ఆ సగంతోనే ఆయనకు నిద్ర పట్టదు. నకుల సహదేవుల మేనమామ శల్యుడు పాండవుల కోసమే సైన్యంతో బయలుదేరాడు. దారిపొడవునా జరిగిన మర్యాదలకు మురిసి, అవి చేయించింది దుర్యోధనుడని తెలియక వరమిచ్చి, అవతలి పక్షానికి చిక్కాడు. పక్క అలయన్స్‌వాళ్లు మన ధనికుడికి పెట్టే ‘హాయ్ బ్రో’ కూడా అలాంటి మర్యాదే. కనుక ఆర్‌ఫోర్ ఆ పెద్దమనిషికి మాత్రం ప్రత్యేకంగా, విడిగా, పేరుకు ‘గారు’ తగిలించి మరీ గుర్తుచేస్తాడు. ఇది పక్షపాతమే, ఆయనకూ తెలుసు.

ఇంతా చేసి ఉద్యోగ పర్వంలో కూడా అసలు పని నిద్రపోతున్న మనిషి దగ్గరే మొదలైంది. శ్రీకృష్ణుడు పడుకుని ఉంటే దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్లవైపు చేరి మేల్కొనేదాకా కాచుకున్నారు. అది దొంగనిద్ర అని మన నాటకాల ప్రేక్షకులకు ఎప్పుడో తెలుసు. ఆర్‌ఫోర్‌కూ తెలుసు. సభ్యుల పట్టికలో ప్రతి పేరు ఎదుటా ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో కనబడుతుంది. బేర్ అయిపోయాక ‘సారీ అన్నా, నిద్రపట్టేసింది’ అన్నవాడి పేరు పక్కన చివరిసారి రెండు నిమిషాల క్రితం అని ఉంటుంది. ఆర్‌ఫోర్ అది చూస్తాడు. చూసి, ‘పర్లేదు తమ్ముడూ, ఎల్లుండి 14:00కి. మనకు 7:30. ముందు జెస్సీ’ అని రాస్తాడు.